పూర్వపక్షము నెరుగని చదువు

ఇటీవల నొక ఆదివారమున కొల్లేటి చెంతనున్న యొక గ్రామపు ఉన్నతపాఠశాలలో జరిగిన చర్చను వినుటకు మాకు అవకాశము కలిగినది. పాఠశాలలో చర్చ యనగానే మన పాఠకుల కన్నులయెదుట నిలుచు దృశ్యము వేరు. వేదికమీద పూలకుండీలు, మైకుముందు వణకుచు నిలిచిన బాలుడు, తండ్రియో మాష్టారో వ్రాసియిచ్చి వల్లెవేయించిన అయిదు నిమిషముల యుపన్యాసము, నడుమ నొక మాట మరచినచో మరల మొదటినుండి ప్రారంభము, తుద కొక స్టీలుగిన్నె బహుమానము. మేమును చిన్ననాడు అట్టి గిన్నెల నిల్లు చేర్చినవారమే. ఇక్కడ నట్టిదేదియు లేదు. తరగతిగదిలో ముప్పదిమంది పిల్లలు, నల్లబల్లమీద నొక వాక్యము: “వరిచేలను చేపల చెరువులుగా మార్చుట గ్రామమునకు మేలు.” ఆ వాక్యమును అన్నివైపులనుండి త్రవ్విచూచుట యానాటి పని.

చర్చను నడపుచున్నది యొక విశ్వవిద్యాలయ విద్యార్థిని. సంస్కృతమున ఎం.ఏ. చదువుచున్నది. ఇరువదిమూడేండ్లు దాటియుండవు. ఆమె తాత అక్షరమెరుగని కూలివాడు. తండ్రి యేడవ తరగతితో చదువు చాలించి లారీ తోలినవాడు. ఆ యింట సంస్కృతగ్రంథము ప్రవేశించుట యీ తరముననే. రెండేండ్లుగా ప్రతి ఆదివారమును బస్సెక్కి యీ యూరికి వచ్చి, తర్కసంగ్రహము నొకచేతను సుద్దముక్క నొకచేతను పట్టుకొని, యెనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వాదించుట నేర్పుచున్నది. జీతము లేదు, ఏదో యొక యింట మధ్యాహ్నభోజనము పెట్టుదురు. తన పేరు పత్రికలో వ్రాయవలదని కోరినది గనుక వ్రాయుటలేదు.

ఆమె పెట్టిన కట్టుబాట్లు వింతగా నుండెను. చెరువులున్న పెద్దరైతు కుమారునకు చెరువులు వలదను పక్షము నిచ్చినది. నాట్లకును కోతలకును పోయి బ్రదుకు కూలివారి బాలికకు చెరువులు కావలెనను పక్షము నిచ్చినది. అంతకంటె వింత మరియొకటి. ఎదుటివానికి జవాబు చెప్పబోవువారు ముందుగా ఆ యెదుటివాడు చెప్పిన దేమో తమ మాటలలో తిరిగి చెప్పవలెను. “ఔను, నేను చెప్పినది ఇదియే” యని వాడు ఒప్పుకొన్న పిదపనే ఖండనకు దిగవలెను. ఒప్పుకొనకున్న మరల చెప్పవలెను. మూడుమారులు తప్పినచో వాదమున నోడినట్లే.

ఆ బాలిక చక్కగా మాటలాడినది. వరికంటె చెరువునకు వచ్చు కౌలు హెచ్చనియు, మేతబస్తాలు మోయుట, వలలు లాగుట, మంచుపెట్టెలలో చేపలు సర్దుట మొదలగు కొత్త పనులు పుట్టినవనియు, చేపల యుత్పత్తిలో దేశమున ఆంధ్రప్రదేశమే ముందున్నదనియు, తాను నమ్మని సంగతుల నొకదానివెంట నొకటి పేర్చినది. రైతు కుమారుడు లేచి దానిని తిరిగి చెప్పబోయి రెండుమారులు తప్పినాడు. బాలిక తల యడ్డముగా ఊపినది. మూడవమారు వాని మోమున చెమట పట్టెను. కాని సరిగా చెప్పగలిగెను. అటుపిమ్మట వాడు తన జవాబు చెప్పినాడు. నాట్లు, కలుపు, కోతలు లేకపోవుటచే ఆడవారికి పనిదినములు తగ్గినవి. చెరువులో నిలిచిన నీరు గట్టు క్రిందుగా ఊటదిగి ప్రక్కచేను చౌడుబారుచున్నది. ప్రక్కచేనివాడు విధిలేక తానును చెరువు త్రవ్వుచున్నాడు. ఇట్లు తన యిష్టము లేకయే ఊరంతయు చెరువగుచున్నది. ఇదియంతయు ఆ బాలుడు చదివి తెలిసికొన్నది కాదు, ఇంటియరుగుమీద విన్నది. కాని వినినదానిని తండ్రికి వ్యతిరేకముగా వాదరూపమున నిలుపుట వానికి అదియే మొదలు.

వాకిట నిలిచి వినుచున్న వాని తండ్రికి ఇది రుచింపలేదు. చర్చ ముగిసినంతనే లోనికి వచ్చి, “ఏమమ్మా, మా యింటి అన్నము తిని మా చెరువు తప్పని మా వాడిచేత చెప్పించుటా చదువు?” అని యడిగెను. ఆమె నొచ్చుకొనలేదు. “బాబాయిగారూ, మీ వాడు చెప్పినదానిలో తప్పున్నచో వచ్చే ఆదివారము మీరే వచ్చి చెప్పండి” అనినది. ఆయన గొణుగుకొనుచు వెడలిపోయెను.

ఆ రైతు ప్రశ్నను పల్లెటూరి మొరటుతనముగా త్రోసివేయుట న్యాయము కాదు. మన పట్టణములలో విద్యావంతులైనవారును ఆ మాటనే మెరుగుపెట్టి చెప్పుచుందురు. పిల్లలకు వాదించుట నేర్పినచో పెద్దల కెదురుచెప్పుట నేర్తురనియు, నమ్మనిదానిని సమర్థించుట నేర్పినచో అబద్ధమాడుట నేర్పినట్లే యనియు, దానికి తోడు మూలబడిన సంస్కృతతర్కమును పైకి తీయుట కాలమును వెనుకకు త్రిప్పుట యనియు మూడు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. మేమును కొంతకాలము మొదటి రెంటిని నమ్మియుంటిమి.

ఈ సందియములన్నియు మన పూర్వులకు రాకపోలేదు. గౌతముని న్యాయసూత్రములు జ్ఞానసాధనకు వలయు పదార్థములను పదునారు చెప్పుచు, వాదమును, జల్పమును, వితండను వేరువేరుగా నెంచినవి. సత్యమును తేల్చుకొనగోరి ప్రమాణతర్కములతో ఇరువురు జరుపునది వాదము. గెలుపే ధ్యేయముగా, ఎత్తుజిత్తులకును వెనుదీయక జరుపునది జల్పము. తనకంటూ నిలుపుకొన పక్షమే లేక, ఎదుటివాని దానిని పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. మనము నేడు వితండవాదమని తిట్టుగా వాడు మాట అచ్చట నొక సాంకేతికపదము. వింత యేమనగా గౌతముడు జల్పవితండలను పూర్తిగా వెలివేయలేదు. మొలకెత్తుచున్న విత్తనమునకు ముళ్లకొమ్మలతో కంచె నాటినట్లు, తత్త్వనిశ్చయమును కాపాడుకొనుట కవియును పనికివచ్చునని యొప్పినాడు. మన పాఠకులలో కంచె నాటనివారు లేరు. కంచెయే పైరని భ్రమించువారును లేరు. మన శాసనసభలలోను న్యాయస్థానములలోను నేడు జరుగునది చాలమట్టుకు కంచెపనియే. పైరు ఎక్కడనో వేరుగా పెరుగవలసియున్నది. అది పెరుగవలసిన చోటు బడి.

చరకసంహితను వైద్యులు మాత్రమే చదువుదురు గాని, విమానస్థానమున వైద్యులు ఒండొరులతో నెట్లు చర్చింపవలెనో చెప్పిన ప్రకరణము ప్రతి ఉపాధ్యాయుడును చదువదగినది. స్నేహపూర్వకమగు సంధాయసంభాష యొకటి, పోటీగా జరుగు విగృహ్యసంభాష యొకటి యని యందు రెండు తెరగులు చెప్పబడినవి. మొదటిదానియందు ఓటమికి జంకరాదు, గెలిచితినని విర్రవీగరాదు. రోగి మంచముమీద నుండగా వైద్యు లిరువురు పంతములకు పోయినచో చచ్చునది రోగియే గదా!

ఇక నిగ్రహస్థానములు. వాదమున మనుష్యుడు ఓడినట్లు నిర్ణయించుటకు గౌతముడు ఇరువదిరెండు గుర్తులు చెప్పినాడు. ఆ జాబితాను చదువుచున్నంతసేపు, రెండువేల యేండ్లక్రిందటి యా మహానుభావుడు మన టెలివిజను చర్చల నెట్లు చూచెనా యని మాకు ఆశ్చర్యము కలిగినది. ఎదుటివాడు ముమ్మారు చెప్పినదానిని సభవారు గ్రహించియుండగా తాను తిరిగి చెప్పలేకపోవుట అననుభాషణము. మన విద్యార్థిని పెట్టిన కట్టుబాటునకు మూలమిదియే. ఏదో పనియున్నదని నెపము చెప్పి వాదమును విడిచి లేచిపోవుట విక్షేపము; దీనికి మన శాసనసభలలో వాకౌటని పేరు, అది వీరోచితకార్యముగా మరునాడు పత్రికలలో ప్రకటింపబడును. తనమీది దోషమును కాదనక, “నీయందును అదియే దోషమున్నది” యనుట మతానుజ్ఞ. మీ కాలమున లంచములు లేవా, మీరు మాత్రము చేసినదేమి యని రాత్రి తొమ్మిదిగంటలకు ప్రతి యింటను మ్రోగుచున్నది ఈ మతానుజ్ఞయే. శాస్త్రము దృష్టిలో ఆ మాట యన్నవాడు ఓడిపోయినాడు. ఏలయన తన దోషము నొప్పుకొనినాడు గనుక.

ఛలమును గూర్చియు నొకమాట. నవకంబళుడని యొకడనగా, క్రొత్తకంబళి గలవాడని చెప్పిన యర్థమును విడిచి, “వీనికి తొమ్మిది కంబళు లెక్కడివి, ఒక్కటియే గదా” యని ఎదుటివాడు గెలిచినట్లు నవ్వుట న్యాయశాస్త్రమున ప్రసిద్ధమైన యుదాహరణము. ‘నవ’ యను మాటకు క్రొత్త యనియు తొమ్మిది యనియు అర్థములుండుటచే వచ్చిన తంటా. పిల్లలకు దీనిని చెప్పగా విరగబడి నవ్వి, మరుసటి వారము దినపత్రికనుండి అట్టివి నాలుగు కత్తిరించి తెచ్చినారట. పత్రికలవారముగా మేము సిగ్గుపడితిమి.

నమ్మనిదానిని సమర్థించుట అసత్యమా? ఈ ప్రశ్న అమెరికాలోను పెద్దరచ్చ చేసినది. 1954 లో అచ్చటి కళాశాలల చర్చలకు, కమ్యూనిస్టు చైనా ప్రభుత్వమును గుర్తింపవలెనను విషయమును నిర్ణయించినారు. అప్పటికి కొరియాయుద్ధము ముగిసి యేడాది దాటి కొన్ని నెలలే. సైనికకళాశాలయు, నౌకాకళాశాలయు తమ విద్యార్థులను ఆ చర్చలలో పాల్గొననీయమనినవి. గుర్తింపవలెనని వాదించిన కుర్రవాడు రేపు దేశమునకు నమ్మినబంటుగా నుండునా యని వారి భయము. వక్తృత్వము నేర్పు ఆచార్యులలో సయితము, మనస్సాక్షికి వ్యతిరేకమైన పక్షమును విద్యార్థిపై రుద్దుట నీతి కాదనినవారు కలరు. ఈ రెండవ యభిప్రాయమును మేము గౌరవింతుము. బహిరంగసభలో ఓటర్లయెదుట నిలిచి నమ్మనిదానిని పలుకుట ముమ్మాటికి అసత్యమే. కాని బడిగదిలో, ఇది అభ్యాసమని యెల్లరు నెరిగియున్నచోట, ఎవరిని మోసపుచ్చినట్లు? మోసపోవు వాడొకడుండిన గదా అసత్యము!

మన శాస్త్రకారు లింకను ముందుకు పోయినారు. మీమాంసలో నొక్కొక్క యధికరణమున విషయము, సంశయము, పూర్వపక్షము వచ్చినతరువాతనే సిద్ధాంతము. తన సిద్ధాంతమునకు ముందు ప్రతిపక్షమును తానే, వీలైనంత బలముగా, నిలిపి చూపని గ్రంథకర్తను పండితులు లెక్కపెట్టరు. కృష్ణాతీరమున నాగార్జునకొండకు తన పేరు నిచ్చిపోయిన యాచార్యుడు వ్రాసిన విగ్రహవ్యావర్తనిలో డెబ్బది కారికలున్నవి. అందు మొదటి యిరువదియు ప్రతివాదులవే. గ్రంథమున నాలుగవవంతునకు పైగా నెదుటివానికి చోటిచ్చి, అటుపిమ్మటనే తన నోరు విప్పినాడు. ఇరువది కారికలును తాను నమ్మనివే, తాను వ్రాసినవే. ఆయనను అసత్యవాది యనగలమా?

ఈ విద్య మననుండి హిమాలయములు దాటిపోయి, మరల తిరిగివచ్చి మన ప్రక్కననే బ్రదుకుచున్నదని మనలో పెక్కు రెరుగరు. కర్ణాటకమున బైలకుప్పయందును ముండుగోడునందును నెలకొన్న టిబెట్టు మఠములలో భిక్షువులు నేటికిని ధర్మకీర్తి ప్రమాణవార్తికమును చదివి, సాయంకాలమున ప్రాంగణమున వాదింతురు. ప్రశ్నించువాడు నిలుచుండును, జవాబు చెప్పువాడు నేల కూర్చుండును. ప్రశ్న ముగియగానే నిలిచినవాడు అరచేతులు చరచి కాలు నేలకు తాటించును. పుస్తకమంతయు వల్లెవేసినవాడైనను ఆ చరుపునకు జవాబు చెప్పలేకున్న పట్టము రాదు. తరతరములుగా పురుషులకే పరిమితమైన గెషే పట్టమునకు సమానమైన గెషేమా పట్టమును 2016 లో ఇరువదిమంది భిక్షుణులు మొదటిమారు సాధించినారు.

ప్రాచీనవిద్యతో నిమిత్తమేమి, ఉత్తవాదమే నేర్పరాదా యని అడుగవచ్చును. అడుగుగాక. తర్కమును శాస్త్రమునుండియు సాహిత్యమునుండియు విడదీసి పోటీగా మార్చినచోట నేమగునో అమెరికా పాఠశాలలే చూపుచున్నవి. అచ్చట కొన్నితరగతుల పోటీలలో నిమిషమునకు మున్నూరుకు మించిన మాటలను ఊపిరి త్రిప్పుకొనక కురిపించుట యొక విద్యయైనది. ఎదుటివాడు జవాబు చెప్పలేనన్ని వాదములను కుమ్మరించినవానికి గెలుపు. వినువానికొక్కముక్కయు తెలియదు. ఆ దేశమువారే దీనిని చూచి విసిగి, మరల పాతదారులు వెదకుచున్నారు. 1947 లో డొరొతీ సేయర్స్ అను ఆంగ్లరచయిత్రి ఆక్స్‌ఫర్డున నొక యుపన్యాసము చేయుచు, మధ్యయుగపు పాఠశాలలలోని వ్యాకరణ, తర్క, వక్తృత్వములను మూడు మెట్లుగా నిలిపి, మనము పిల్లలకు విషయములు నేర్పుచున్నాము గాని నేర్చుకొను పనిముట్లు నీయుటలేదని వాపోయినది. 1980 దాటినపిమ్మట అమెరికాలో ఆ యుపన్యాసమునే మూలముగా గొని లాటిన్ నేర్పుచు తర్కము నేర్పుచు పాఠశాలలు వెలసినవి. వానిలో కొన్ని మతావేశమునకు లోబడినమాటయు నిజమే. అయినను మూడుమెట్ల యమరికలో సత్యమున్నది.

ఆ యమరిక మనకు క్రొత్తది కాదు. కోలాచల మల్లినాథసూరిని పదవాక్యప్రమాణ పారావారపారీణుడని పొగడుట మనమెరిగినదే. పదశాస్త్రము వ్యాకరణము, వాక్యశాస్త్రము మీమాంస, ప్రమాణశాస్త్రము న్యాయము. మాట నెరుగుట, మాటలచే నేర్పడిన వాక్యము అర్థము నెట్లు నిర్ణయింపవలెనో యెరుగుట, ఆ యర్థము నిజమగునో కాదో తేల్చు ప్రమాణము నెరుగుట – ఈ మూటిని దాటినవాడే యే కావ్యమునకైనను వ్యాఖ్య వ్రాయుట కర్హుడు. యూరపువారు మూడవమెట్టున వక్తృత్వమును పెట్టినారు, మనవారు ప్రమాణమును పెట్టినారు. ఈ భేదమును గూర్చి వేరొక వ్యాసము వ్రాయవచ్చును. అన్నంభట్టు తర్కసంగ్రహమును పిల్లలకు సులువుగా తెలియుటకే వ్రాసితినని మొదటనే చెప్పుకొనినాడు. కాశికి పోయినంతమాత్రమున ఎవ్వడును అన్నంభట్టు కాజాలడను నానుడి యుత్తరదేశమున పుట్టినది. ఆ యాంధ్రుని పుస్తకము దేశమంతట మొదటి తర్కపాఠమైనది. ఆయన సొంతగడ్డమీది పిల్లలకు మాత్రము అది తెలియదు. పొగ కనబడుటచే కొండమీద నిప్పున్నదని, వంటయింట చూచినట్లే యని నిరూపించు అయిదవయవముల వాక్యము కొల్లేటి పల్లెలోని పదమూడేండ్ల పిల్లకు తెలియకుండుటకు కారణము దాని కాఠిన్యము కాదు, మన యుపేక్ష.

మెకాలే 1835 లో మన విద్యను తృణీకరించి వ్రాసిన పత్రమును మనము తిట్టుకొనుచునే యుందుము. ఆయన తాను మాత్రము అదే కాలమున కలకత్తాలో కూర్చుండి గ్రీకు లాటిన్ గ్రంథములను ఆకలిగొన్నవానివలె చదివినాడు. ప్రాచీనవిద్య తనకు ఆహారము, మనకు అనవసరము! ఆ పరాభవమును మనము మరచినవారము కాము. కాని తెల్లవాడు పోయిన పిదప మనము చేసినదేమి? తెలుగునకు 2008 లో ప్రాచీనభాషాహోదా వచ్చినది. సన్మానములు జరిగినవి, దుశ్శాలువలు కప్పుకొంటిమి. సంస్కృతమును ఇంటర్మీడియేటున వేలకొలది విద్యార్థులు తీసికొనుచున్నారు. రామశబ్దము చెప్పలేనివారికి నూటికి తొంబదియైదు మార్కులు వచ్చుచున్నవి. మార్కులకై సంస్కృతమును పట్టి, ఆ మార్కుల కొరకు తెలుగును విడిచి, రెంటికిని చెడి, ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు పోవుచున్న యీ బాలుర దోషము లేదు. కళాశాలల బోర్డులమీద ర్యాంకులు వేయించువారిని, ఆ బోర్డులను చూచి ఫీజులు కట్టు మనలను అనవలెను.

ఇంతవరకు వ్రాసి, ఒక సంగతి దాటవేసినచో మేమును మతానుజ్ఞకు పాల్పడినవార మగుదుము. ఈ ప్రాచీనవిద్య యెవరిది? జనకుని సభలో గార్గి యాజ్ఞవల్క్యుని నిలదీసెనని గొప్పగా చెప్పుకొందుము. అటుపిమ్మటి శతాబ్దములలో ఎందరు గార్గులకు పాఠము చెప్పితిమి? శూద్రులకును పంచములకును ఆ తలుపు మూసి, గడియపెట్టి, ఇప్పుడు ఆ గదిలో దుమ్ముపట్టెనని వగచుచున్నాము. వారి మనుమలలో కొందరు ఆ గదియే మాకు వలదనుచున్నచో ఆ కోపము సహేతుకమే. మేము దానికి సమాధానము చెప్పజాలము. కాని అదే స్థితినుండి లేచిన మరియొక జాతి యనుభవమును వారి ముందుంచ వచ్చునని తలంతుము.

ఫ్రెడరిక్ డగ్లస్ అమెరికాలో బానిసగా పుట్టినవాడు. పండ్రెండేండ్ల ప్రాయమున బాల్టిమోరులో ఏబది సెంట్లు పెట్టి కొలంబియన్ ఆరెటరను వక్తృత్వపాఠముల పుస్తకము కొన్నాడు. 1797 లో కెలబ్ బింగమ్ కూర్చిన ఆ పుస్తకమున ప్రాచీనరోముయొక్కయు ఆంగ్లేయులయొక్కయు ప్రసంగములతోపాటు, పారిపోయి పట్టుబడిన బానిసకును యజమానికిని జరిగిన యొక సంభాషణ కలదు. యజమాని వాదముల నొక్కటొక్కటిగా బానిస ఖండించును. తుదకు యజమాని వానిని విడిచిపెట్టును. ఆ కుర్రవాడు దానిని పదేపదే చదివినాడు. యజమానికి ఏమేమి వాదములున్నవో, వానికి జవాబు లేవో వానికి ఆ పుటలలో దొరకినవి. 1838 లో పారిపోయి, ఆ కాలపు మహావక్తలలో నొకడైనాడు. పారిపోకముందే తోడి బానిసలకు ఆదివారములందు రహస్యముగా చదువు చెప్పినాడు.

అన్నా జూలియా కూపర్ 1858 లో బానిసయింట పుట్టినది. పాఠశాలలో గ్రీకు తరగతి మతబోధకులు కాబోవు మగపిల్లలకేయని చెప్పగా, తగవాడి అందు చేరినది. ఓబర్లిన్ కళాశాలలో స్త్రీలకు వేరుచేసిన తేలికచదువు విడిచి పురుషుల పాఠ్యక్రమమునే చదివి 1884 లో పట్టము పొందినది. 1902 నుండి వాషింగ్టనులో నల్లజాతి పిల్లల ఉన్నతపాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా నుండి, వీరికి వడ్రంగమును కుట్టుపనియు చాలునను వారితో పోరాడి, లాటిన్ మొదలగు ఉన్నతవిద్యను నిలిపినది. 1906 లో ఆ పదవి పోయినది. ఆమె చదువు మాత్రము పోలేదు; అరువదియారవ యేట, 1925 లో, పారిసున సోర్బోనులో డాక్టరుపట్టము పొందినది. ఏబదియేండ్లు గడచినను తనను గ్రీకు తరగతిలోనికి రానీయనివారి పక్షమును గూర్చి ఆమె మరచియుండదు. కాని వారిమీది కోపముతో గ్రీకును విడువలేదు.

ఇందుకు విపర్యాసముగా, నల్లజాతి విద్యకు మకుటమైన హోవర్డు విశ్వవిద్యాలయము 1867 నుండి నడచిన తన ప్రాచీనభాషల శాఖను 2021 లో మూసివేయ నిశ్చయించినది. పాఠములు కొన్నిటిని ఇతరశాఖలకు పంచినారు. విద్యార్థులును పండితులును వలదని మొరపెట్టుకొన్నారు. పోరాడి సాధించిన తలుపులు మూతపడుటకు శత్రువులే రానక్కరలేదు. ఆదాయవ్యయముల పట్టిక చాలును.

మన విద్యార్థినితో మాకొక భేదాభిప్రాయము కలదు. ఆమె పిల్లలచేత అననుభాషణము, మతానుజ్ఞ, హేత్వాభాసము మొదలగు మాటలనే పలికింపవలెనని పట్టుపట్టును. పిల్లలు మతానుజ్ఞకు తమలో తాము ‘నువ్వుమాత్రమో’ యని పేరుపెట్టుకొన్నారు. ఎవడైన నట్లు తప్పించుకొనబోయినచో గదియంతయు ‘నువ్వుమాత్రమో, నువ్వుమాత్రమో’ యని గోలచేయును. ఆమెకు కోపము వచ్చును. పేరును మార్చినచో శాస్త్రముతో సంబంధము తెగునని యామె భయము. మాకు పిల్లల పేరే మేలని తోచినది. మాట వీధిలోనికి వచ్చిననే గదా విద్య వీధిలోనికి వచ్చునది. ఆమె తాతతరమునకు అందని సంస్కృతపుమాటను తన నోట ముక్కకు ముక్క పలుకవలెనను పట్టుదల యామెకెందుకున్నదో తెలియకపోలేదు. ఆ విషయమున ఆమెకు హితోపదేశము చేయుటకు మా కర్హత లేదు.

గ్రామములలోని ధనవంతులకు మాత్రము ఒకటి విన్నవించెదము. దేవళములకు గాలిగోపురములు కట్టించుచున్నారు, పాఠశాలలకు తోరణద్వారములు కట్టించి తాతముత్తాతల పేర్లు చెక్కించుచున్నారు. మంచిదే. ఇట్టి విద్యార్థు లిరువురు ముగ్గురకు బస్సుకర్చును పుస్తకములకర్చును ఇచ్చుటకు ఒక యెకరము కౌలు చాలును. చేపలచెరువు కౌలు కానక్కరలేదు, వరిచేని కౌలే చాలును.

మరుసటి ఆదివారమునను మేము పోయితిమి. పెద్దరైతు మాకంటె ముందే వచ్చి వెనుకబల్లమీద కూర్చుండెను. పిల్లలు ముసిముసిగా నవ్వుకొనుచుండిరి. తనకు మాటలాడుట కవకాశ మిమ్మని ఆయన యడుగగా, “ముందు మీ అబ్బాయి చెప్పినది మీరు చెప్పవలెనండీ” యని ఆ విద్యార్థిని కట్టుబాటును చెప్పినది. ఆయన లేచి, కూలిపనులు తగ్గినవని మావాడు చెప్పెనని మొదలిడి, ఊటనీటి సంగతి విడిచిపెట్టెను. “అది కాదు నాన్నా, అది సగమే” యని కుమారు డనెను. రెండవమారును ప్రక్కచేనివాని మాట రాలేదు. ఆయన కొంతసేపు కండువాతో మోము తుడుచుకొని, కిటికీ బయటనున్న చెరువుగట్టువైపు చూచి, మూడవమారు ఊటనీటి సంగతియు ప్రక్కచేనివాడు విధిలేక చెరువు త్రవ్వుకొనిన సంగతియు పేరుతో సహా చెప్పెను. కుమారుడు ఔననెను. అటుపిమ్మట ఆయన జవాబు చెప్పనారంభించెను. చాలసేపు చెప్పుచుండెను. మాకు బస్సువేళ యగుటచే నడుమనే లేచి రావలసివచ్చినది.